కుండీ మట్టిలో రోగం రాకుండా: రోహిణి కార్తె నుంచి బతుకమ్మ దాకా

తెల్లారి ఆరింటికి డాబా ఎక్కితే, నిన్నటిదాకా నిగనిగలాడిన టమాట మొక్క తల వేలాడేసి ఉంటుంది. మట్టి ముట్టుకుంటే తడిగానే ఉంటుంది. ఇదేంటబ్బా అనుకుంటూనే ఇంకో చెంబు నీళ్లు పోస్తాం. మా ఇంట్లో జరిగింది అదే. 2023 జులై చివర్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ ఆ వారంలో, హనుమకొండలో మా డాబా మీద కుండీలు కూడా తడిసి తడిసి నాలుగైదు రోజులు ఆరనే లేదు. వాన వెలిసి ఎండ తగలగానే మిరప, వంగ, టమాట వరసగా వడలడం మొదలైంది. అమ్మ చూసి "ఎండ కొట్టింది గదా, నీళ్లు సాల్తలేవు కావచ్చు, ఇంకో చెంబు పొయ్యి బిడ్డా" అంది. పోశాను. పది రోజుల్లో పద్నాలుగు కుండీలు ఖాళీ.

అమ్మను అనడానికేం లేదు. వేరు కుళ్లిన మొక్క, దాహమేసిన మొక్క పైనుంచి చూస్తే అచ్చం ఒకేలా ఉంటాయి, ఎందుకంటే వేరు చచ్చాక మొక్క నీళ్లలో నిలబడినా తాగలేదు. ఆ దెబ్బ తర్వాత నాకు అర్థమైంది ఒకటే. కుండీలో మట్టి రోగం పట్టాక మందు పోసి మొక్కను నిలబెట్టుకోవడం చాలా తక్కువసార్లు అవుతుంది. పొలంలో అయితే వేరు పక్కకు పోయి మంచి మట్టి వెతుక్కుంటుంది, కుండీలో దానికి పోవడానికి చోటే లేదు. అందుకని పనంతా మొక్క పెట్టకముందే చేయాలి, అందులో సగం పని ఎండాకాలంలోనే అయిపోవాలి. వరంగల్ ఎండను తిట్టుకోని మనిషి లేడు గానీ, మట్టి శుభ్రం చేయడానికి దానంత మంచి మందు ఇంకోటి లేదు, పైగా పైసా ఖర్చు లేదు.

ముందు ఏ రోగమో చూసుకోండి

మధ్యాహ్నం ఆకులు వాలిపోయి సాయంత్రానికి లేస్తే అది మామూలు ఎండ దెబ్బ, టెన్షన్ పడకండి. పొద్దున్నే కూడా వాలి ఉండి, మట్టి తడిగా ఉంటే మాత్రం వేరులో ఏదో ఉన్నట్టే. అప్పుడు నీళ్లు ఆపేసి, బాగా దెబ్బతిన్న మొక్కను ఒక్కదాన్ని మొత్తం పీకి చూడండి. పీకడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ ఆ ఒక్క మొక్క చెప్పేది మిగతా పది మొక్కలను కాపాడుతుంది.

వేళ్లు తెల్లగా గట్టిగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి, వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపల సన్నటి దారం మిగిలితే అది వేరుకుళ్లు. నీళ్లు నిలిచిన మట్టిలో పితియం, ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రాల్లాంటి జీవులు చేసే పని ఇది. వాటి బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరు దగ్గరికి వస్తాయి. నీళ్లు నిలవకపోతే వాటికి దారే లేదు.

కాండం మొదట్లో, మట్టిని ఆనుకునే చోట, తెల్లటి దూది దారాల్లా కనిపించి వాటి మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు ఉంటే అది స్క్లెరోషియం అనే బూజు, మొదలు కుళ్లు అంటారు. ఆ ఆవగింజలే దాని విత్తనాలనుకోండి, మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. మల్లె, బంతి, టమాట, వేరుశనగ, దేన్నీ వదలదు.

వేరు బాగానే ఉండి మొక్క మాత్రం ఒక పక్క కొమ్మ నుంచి పసుపెక్కి ఎండుకుంటూ వస్తే కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలు ఉంటే ఫ్యుజేరియం ఎండు తెగులు కావచ్చు. ఆకులు పచ్చగా ఉండగానే రెండు మూడు రోజుల్లో మొక్క మొత్తం కూలిపోతే బ్యాక్టీరియా ఎండు తెగులు అని అనుమానించాలి. దీనికి ఇంట్లోనే పరీక్ష ఉంది. కాండం మొదలు దగ్గర రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో ఆ చివర నుంచి పాల దారాల్లా తెల్లటి చార కిందికి జారితే ఇక సందేహం లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు, చూడటానికి బాగుందనిపించి, వెంటనే ఏడుపొచ్చింది.

వేళ్ల మీద ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్లను పట్టే నెమటోడ్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు. చిక్కుడు, మెంతి, బొబ్బర్ల వేళ్లకు మంచి బుడిపెలు కూడా ఉంటాయి, అవి నత్రజని పట్టేవి, వేరు పక్కన అతుక్కుని ఉండి గోటితో గీరితే ఊడిపోతాయి. నులిపురుగు ముడి వేరే ఉబ్బి తయారైంది కాబట్టి ఊడదు.

ఏదీ తేలకపోతే మొక్కను వేరుతో, మట్టితో సహా కవర్లో పెట్టుకుని తెలిసినవాళ్లకు చూపించండి. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, మనకు దగ్గరే. దుకాణానికి పోయి "మొక్క ఎండుతుంది, మందియ్యి" అంటే ఇచ్చేది మాత్రం చాలాసార్లు పురుగుల మందు. వేరు కుళ్లుకు అది ఏం చేస్తుంది?

పాత మట్టిని ఎండలో వండటం

ఏప్రిల్ రెండో వారం నుంచి మొదలుపెట్టొచ్చు, రోహిణి కార్తె అయిపోయేలోపు ముగించాలి. రోళ్లు పగిలే ఎండ అంటారు గదా, ఆ ఎండ మనకు కావాలి.

కుండీల్లోంచి మట్టి కుమ్మరించి, పాత వేళ్లన్నీ ఏరేయండి. వేళ్లలోనే రోగం దాక్కుంటుంది, ఎండ వేడి లావు వేరు లోపలికి సరిగ్గా పోదు. గడ్డలు చితక్కొట్టండి. తర్వాత మట్టిని తడపండి. ఎండబెట్టడానికి తడపడం ఏంటని అడగకండి, నేనూ మొదటి ఏడాది పొడి మట్టినే ఎండలో పరిచి, బాగా ఎండింది కదా అని సంతోషపడ్డాను, వానాకాలం రాగానే రోగం మళ్లీ వచ్చింది. పొడి మట్టిలో శిలీంధ్రాలు నిద్రపోతాయి, చావవు. తడి ఉంటే అవి మేల్కొంటాయి, వేడి కూడా లోపలిదాకా పాకుతుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. అంత తడి చాలు.

దాన్ని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచుల్లో నింపి మూతి కట్టేయండి. నల్ల కవరు వద్దు. అద్దంలా కనిపించే పల్చటి కవరులోంచి ఎండ లోపలికి దిగి మట్టి వేడెక్కుతుంది, నల్లదైతే కవరే వేడెక్కుతుంది. సంచిని బండ మీద పడుకోబెట్టి, మట్టి మందం జానెడుకు మించకుండా సర్దండి. పైన ఇంకో పారదర్శక షీటు కప్పి, రెండు పొరల మధ్య గాలి ఉండేలా కింద రెండు సీసాలో కర్రలో పెడితే వేడి ఇంకా బాగా నిలుస్తుంది. మట్టి మధ్యలో 70 డిగ్రీలు అరగంట నిలిచినా, 60 డిగ్రీలు గంట నిలిచినా చాలా రోగాలు, నులిపురుగులు, కలుపు గింజలు చచ్చిపోతాయి. థర్మామీటరు గుచ్చి చూసుకునే ఓపిక లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే వదిలేయండి, వారానికోసారి సంచి బోర్లించండి. మధ్యలో గాలిదుమ్ముకు కవరు చినిగితే టేపు వేయండి, చిన్న రంధ్రం కూడా వేడిని లాగేస్తుంది.

ఒక్క మినహాయింపు. పాల దారం కారిన బ్యాక్టీరియా మట్టిని నేను ఎండలో కూడా పెట్టను, పారేస్తాను. అది టమాట, వంగ, మిరప, ఆలుగడ్డ, అల్లం అన్నింటికీ అంటుకునేది. ఇరవై కిలోల మట్టి కోసం పెరడంతా పణంగా పెట్టడం నాకు లెక్క కుదరదు. మట్టిని గట్టి కవర్లో కట్టి చెత్తబండికి వేసేయండి, పక్క ఖాళీ ప్లాటులో గుమ్మరించకండి, వానకు అది మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

కుండీలు కూడా కడగాలి. ముందు సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి మట్టి పొరంతా వదిలించండి, ఎందుకంటే మురికి ఉంటే బ్లీచు అక్కడే ఖర్చయిపోతుంది. తర్వాత ఇళ్లలో వాడే ద్రవ బ్లీచు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి ఎండబెట్టండి. బ్లీచులో బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కలపకండి, విషవాయువు వస్తుంది. మట్టి కుండీలు రోగాన్ని గోడల్లో పీల్చుకుంటాయి కాబట్టి వాటిని ఇంకాసేపు నానబెట్టండి. కత్తెర, చిన్న పార స్పిరిట్ గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మట్టి కలపడం, చెరువు మట్టి మోజు

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టి పొలాలకు తోలుకోవడం మన దగ్గర బాగా అలవాటైంది. పొలానికి అది బంగారం, ముఖ్యంగా చలక నేలలకు. దాంతో "చెరువు మట్టి తెచ్చి కుండీలో వేశాను, ఎందుకు మొక్క పెరగట్లేదు" అనేవాళ్లు కూడా తయారయ్యారు. కుండీలో అది తడిస్తే జిగట, ఎండితే రాయి. వేరుకు గాలి ఆడదు, నీళ్లు దిగవు. నల్లరేగడి కూడా అంతే.

నేను వాడేది ఎర్రమట్టి ఒక వంతు, నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు, వీటి మీద సగం వంతు నల్లగా కాలిన ఊక. రైస్ మిల్లులకు మన జిల్లాల్లో కొదవ లేదు, ఊక దొరకడం కష్టం కాదు. పచ్చి ఊక వేస్తే అది కుళ్లుతూ మట్టిలో నత్రజని తినేస్తుంది, తెల్లటి బూడిద అయితే క్షారం ఎక్కువ, నల్లగా సగం కాలినది కావాలి. అది దొరక్కపోతే దొడ్డు ఇసుక వేయండి. ఇరవై లీటర్ల కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి (నూనె తీశాక మిగిలే వేపగింజల పిండి) కలపండి. పచ్చి పెంట మాత్రం వద్దు, అందులో రోగాలూ వస్తాయి, తెల్లటి లావు పురుగులూ వస్తాయి. మాగిందో లేదో ముక్కుకే తెలుస్తుంది, వాన పడ్డ మట్టి వాసన రావాలి.

కుండీ అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. దిగవు. మెత్తటి మట్టిలోంచి నీళ్లు కంకర దాకా వచ్చి అక్కడే ఆగుతాయి, ఆ మట్టి పూర్తిగా నానాకే కిందికి జారతాయి. అంటే ఎప్పుడూ తడిగా ఉండే పొర కంకర ఎత్తు మేరకు పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్కో, దోమతెర ముక్కో పెడితే చాలు, మిగతాదంతా మట్టే నింపండి. కొన్న కుండీలకు రంధ్రాలు సరిగ్గా ఉండవు, ఇనుప చువ్వ కాల్చి ఇంకో నాలుగు పెట్టుకోండి. నింపాక ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. నీళ్లు మట్టి మీదే చెరువులా నిలబడి, చాలాసేపటికి గానీ కింద చుక్క రాకపోతే మళ్లీ కుమ్మరించి ఊక కలపండి. మొక్క పెట్టాక ఈ పని చేయలేరు.

ఎండలో వండిన మట్టి ఖాళీ ఇల్లు లాంటిది, ఎవరు ముందు వస్తే వాళ్లదే. అందుకే మంచి శిలీంధ్రాన్ని మనమే ముందు దించాలి. ట్రైకోడెర్మా విరిడి పొడి 20 గ్రాములు, మాగిన ఎరువు 900 గ్రాములు, వేపపిండి 100 గ్రాములు కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచి కప్పండి. రెండు మూడు రోజులకోసారి తిరగేయండి. వారం, పది రోజుల్లో పైన తెల్లటి, ఆకుపచ్చటి బూజు కనిపిస్తుంది. పాడైందని పారేయకండి, అదే మనకు కావాల్సింది. మొదటిసారి అమ్మ సగం పారబోసింది. ఆ ఎరువును కుండీకి రెండు మూడు గుప్పెళ్ల చొప్పున పై మట్టిలో కలపండి. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, అది బతికున్న జీవి, ఎండలో పెట్టి అమ్మే ప్యాకెట్ దండగ. ఇంకో సంగతి, ఇది వేశాక పది పదిహేను రోజుల దాకా ఆ కుండీలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి రాగి మందు పోయకండి. మీ డబ్బుతో కొన్నదాన్ని మీ డబ్బుతోనే చంపినట్టవుతుంది.

నారు, నర్సరీ మొక్కలు

మృగశిర కార్తెకు చేప తిని నారు పోసేవాళ్లం మనం. ఆ నారు మొలిచి రెండాకులు వేశాక కాండం మొదలు దగ్గర సన్నబడి పక్కకు పడిపోతే నారుకుళ్లు. గింజలు పల్చగా వేయడమే దీనికి మొదటి మందు. నేను ప్రోట్రేల్లో, అంటే గుంటలుండే నారు ట్రేల్లో, కోకోపీట్ నింపి గుంటకో గింజ వేస్తాను. ఇంట్లో దాచిన విత్తనమైతే, అంటే 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చి గింజల్లాంటివైతే, వేసేముందు చిటికెడు ట్రైకోడెర్మా పట్టించండి. ప్యాకెట్లో గులాబీ రంగులో వచ్చే గింజలకు కంపెనీ వాళ్లే శిలీంధ్రనాశిని పట్టించి ఉంటారు, వాటికి ఏమీ అక్కర్లేదు. టమాటలో బ్యాక్టీరియా ఎండు తెగులు ఇంతకుముందు చూసినవాళ్లు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ వెతుక్కోండి, దానికి ఆ తెగులును తట్టుకునే గుణం ఉంది.

నర్సరీ మొక్క కొనేటప్పుడు పైన పూలు చూసి మురిసిపోకండి. మన దగ్గరికి వచ్చే మొక్కలు చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి, దారి పొడవునా కవర్లు ఒకదాని మీద ఒకటి నీళ్లు కార్చుకుంటూ. కవరు చేతిలోకి తీసుకుని అడుగు వాసన చూడండి, కుళ్లు వాసన వస్తే అక్కడే వదిలేయండి. ఒకసారి ఒక నర్సరీలో కనకాంబరాలు తెచ్చాను, "ఏం కాదు సార్, నీళ్లు ఎక్కువైనయ్ అంతే" అన్నాడు నర్సరీ అతను, ఇంటికొచ్చి కవరు విప్పితే వేళ్లన్నీ ముడులే. కొత్త మొక్కను రెండు వారాలు మిగతావాటికి దూరంగా, మెట్ల మీదో గేటు దగ్గరో ఉంచండి.

నీళ్లు

వేలు రెండు కణుపులు మట్టిలోకి దించండి, పొడిగా తగిలితేనే పోయండి. పొద్దున పోయండి. కుండీ కింద ప్లేట్లు తీసేయండి, లేదా పోసిన అరగంటకు వంచేయండి. కుండీలను రెండు ఇటుక ముక్కల మీద నిలబెడితే ఒక కుండీ కింద కారిన నీళ్లు ఇంకో కుండీలోకి ఎక్కవు, డాబా కూడా పాడవదు. పైపు మూతిని నేల మీద, మట్టిలో ఈడ్చకండి. పైపు జోరుగా వదిలితే మట్టి చిమ్మి ఆకులకు, పక్క కుండీకి పోతుంది, జారీతో పోస్తే నయం. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టేలా ఉంటే కూరగాయల కుండీలను చూరు కిందికి జరపండి, జరపలేనివాటిని కొంచెం పక్కకు వంచి పెట్టండి.

వచ్చేసిందనుకోండి

వేరుకుళ్లు, నారుకుళ్లు మొదట్లోనే పట్టుకుంటే నీళ్లు ఆపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి వేరు దగ్గర మట్టి తడిచేలా పోయండి, వారం, పది రోజులకు ఇంకోసారి. చేతికి తొడుగులు వేసుకోండి, కాయలున్న మొక్కకైతే ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కోయండి. గులాబీ, మల్లె లాంటి ఖరీదైన మొక్కైతే పైకి తీసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొత్త మట్టిలో, కొంచెం చిన్న కుండీలో పెట్టండి. వేళ్లు తగ్గాయి కాబట్టి పైన కొమ్మలు కూడా మూడో వంతు తీసేయండి. మొదలు కుళ్లైతే మొక్కను, చుట్టూ నాలుగంగుళాల మట్టిని ఆ ఆవగింజలతో సహా ఎత్తేయండి. బ్యాక్టీరియా ఎండు తెగులుకు ఇంటి స్థాయిలో మందు లేదు, ఎవరన్నా ఉందని అమ్మితే కొనకండి. పీకిన మొక్కలేవీ కంపోస్టు డబ్బాలో వేయకండి, ఇంటి కంపోస్టుకు రోగం చచ్చేంత వేడి రాదు.

పంట మార్చడం అన్నది పొలానికే కాదు. టమాట, వంగ, మిరప ఒకే ఇంటి పిల్లలు, ఒకదాని రోగం ఇంకోదానికి వస్తుంది, అవి తీసిన కుండీలో తర్వాత తోటకూర, కొత్తిమీర, మెంతి వేసుకోండి. నేను కుండీ మీద సుద్దతో రాసుకుంటాను, లేకపోతే జూన్ వచ్చేసరికి ఏది దేనిదో గుర్తుండదు.

నులిపురుగు ముడులు కనిపించిన కుండీలను ఎండలో వండాక వాటిలో బంతి వేయండి, ఒత్తుగా వేయాలి, ఒక్క మొక్క వేసి ఊరుకుంటే లాభం లేదు. బంతి వేళ్లలో ఉండే పదార్థం నులిపురుగులను అణిచేస్తుంది, దానికి రెండు మూడు నెలలు పడుతుంది. జులైలో వేస్తే బతుకమ్మకు పూలు చేతికొస్తాయి. సద్దుల బతుకమ్మ అయ్యాక మొక్కలను పీకకుండా మొదట్లో కోసేసి, వేళ్లను మట్టిలోనే ఉంచి, పది పదిహేను రోజులాగి పాలకూర చల్లుకోండి.